పన్నెండు అడుగుల పొగ

బీరువా తలుపుకి అద్దం ఇంకా ఉంది.
కవాడిగూడ పాతసామాన్ల కొట్లో
తొమ్మిది వందలకి బేరమాడి తెచ్చాను.
ఎవరి పెళ్లినాటిదో,
పై అరకి ఆరిపోయిన పసుపు మరక.
రెండ్రోజులు కూర్చుని రంగంతా గీకితే
భిక్షపతి నవ్వాడు:
"చీరలు పెడ్తవా ఏంది?"
చేపలు.

రాంనగర్ మార్కెట్లో ఇరవై రెండేళ్లుగా
కొరమీను అమ్ముతున్నాను.
ఆదివారం నిలబడి నీళ్లు తాగే తీరిక ఉండదు.
సోమవారం ఈగలకి కూడా బేరం లేదు.
మిగిలింది ఐసులో పడుకుని
కళ్లు తెరిచి నన్నే చూస్తుంటుంది.

మా అమ్మ మాంసం తునకలు
పొయ్యి మీద దండేనికి కట్టేది.
ఆ పొగకి ఎవరూ ఏమీ చెయ్యలేదు,
అన్నం వండితే అదే వచ్చేది.
నాది గ్యాసు పొయ్యి.
పొగ కావాలంటే ఇల్లు కట్టాలి దానికి.

మొదటిసారి
బీరువా అడుగునే కుంపటి పెట్టాను.
గంటలో చేప ఉడికి
కొక్కెం విడిచి బూడిదలో పడింది.
పిల్లి మాత్రం బాగుందనే అన్నది.

నిప్పు లేనిదే పొగ రాదు, నిజమే.
కానీ నిప్పు పక్కనే ఉన్నంతసేపు
పొగకి దాని బుద్ధే ఉంటుంది.
దాన్ని నడిపించాలి,
మట్టికింద, ఇనుప గొట్టంలో,
ఒళ్లు చల్లబడేదాకా.
పన్నెండు అడుగులు, తక్కువ కాదు.

నా దొడ్డి ఏడడుగులు.
ఎనిమిదో అడుగు ఎలీషాది.

అడ్డగుట్టలో ఎక్కడ తవ్వినా బండే.
గడ్డపార ఖంగుమంటే పక్కకి తిరిగి
మళ్లీ తవ్వి, మళ్లీ తిరిగి
గోడ దగ్గరికొచ్చి ఆగాను.
బోరు నీళ్ల దగ్గర మాట మీద మాట పెరిగి
మూడు ఎండాకాలాలు
మేం బిందెల చప్పుడుతోనే తిట్టుకున్నాం.

కిలోన్నర చేపని కవర్లో వేసుకుని
వాళ్ల ముందు గేటు నుంచే వెళ్లాను.
దారంతా అనుకున్న మాటలు
చెప్పులతోపాటు బయటే ఉండిపోయాయి.
"నీ దొడ్లో ఐదడుగులు కావాలె."

లాలాగూడ వర్క్‌షాపులో గ్యాస్ కటరతను.
నీళ్ల సంగతి ఎత్తలేదు.
"గొట్టం ఎన్నించులు?"
"నాలుగు."
"ఆరు పెట్టు. నాలుగైతే మసి పట్టి మూసుకపోతది."

గోడకింద కన్నం అతనే కొట్టాడు.
నిప్పు గూడు అతని వైపు, బీరువా నా వైపు.
కట్టె ఎక్కడిదని అడిగాను.
వేపైతే చేదు, రంగేసిన చెక్కైతే విషం,
అందుకే అడిగాను.
"నా జామచెట్టుది,"
అన్నాడు గొడ్డలి పదును చూస్తూ,
"నువ్వు వాల్వు మూసినేడు ఎండింది."

నేను ఉప్పు డబ్బా మూత
బిగించి, తీసి, మళ్లీ బిగించాను.

పుష్యమాసం. రాత్రయితే ఇనుము ముట్టుకోలేం.
ఒక రోజంతా ఉప్పులో ఉన్న చేపల్ని కడిగి
ఫ్యాను కింద ఆరబెట్టాను,
వేలు పెడితే జిగురుగా పట్టుకునేదాకా.
తడి చేపకి పొగ అంటదు,
జారిపోతుంది.

బీరువా లోపల, కింది అరలో,
కొబ్బరినూనె సీసా పెట్టాను.
ఈ చలికి తెల్లగా పేరుకుపోయింది.
అది కరిగిందంటే
వేడి దొంగతనంగా వచ్చినట్టే.
థర్మామీటరుకి డబ్బులు ఎవరిస్తారు?

పదింటికి ఎలీషా నిప్పు రాజేసి
పైన రంపపు పొట్టు కప్పాడు.
మంట రానివ్వలేదు.
చాలాసేపు ఏమీ లేదు.
గొట్టానికి చెవి పెట్టి విన్నాను,
పొగ చప్పుడు చేస్తుందన్నట్టు.
తర్వాత బీరువా అద్దం మీద
నా మొహం కొంచెం మసకేసింది.

రెండింటికి ఒకసారి లేచాను.
మూడున్నరకి మళ్లీ.
గోడవతల దగ్గు,
దగ్గు వెనకాల బీడీ నిప్పు.

"నూనె?"
టార్చి వేసి చూశాను.
"పేరుకునే ఉంది."
"పండుకో మరి."
"నువ్వు పండుకో."

తాళం చెవి ఎన్నడో పోయిన ఆ బీరువా
తాళపు కన్నంలోంచి
దారం పోగంత పొగ
ఎవరినీ అడక్కుండా
గోడ మీదుగా అటు వాలింది.